పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నానికి పూలుండవు

సింధూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఒకటే గోల. "అక్కా, ఎమ్మెస్ చదువుతున్న పిల్ల జూన్ నుంచి శ్మశానంలో పనికి పోతానంటోంది, దాని బుర్ర పాడు చేసింది నువ్వే" అని. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో, పాత శ్మశానంలో మిగిలిన శాండ్‌ప్లెయిన్ జెరార్డియా అనే అరుదైన మొక్క లెక్కలు తీసే పని నీకొచ్చిందని నాకు అలా తెలిసింది. ముందు నాకు చెప్పాల్సింది కదే? కోపం వచ్చింది. తర్వాత వంటింట్లోకి పోయి ఒక్కదాన్నే కాసేపు నవ్వుకున్నాను, ఎందుకో కళ్లు కూడా తుడుచుకున్నాను.

మీ అమ్మకు దయ్యాల భయం. నాకు పిడుదుల భయం. అందుకని ముందు అదే రాస్తాను, దాటేసి కిందికి పోకు. మన ఊళ్లో గొర్రెలకు పట్టే పిడుదులు కంటికి కనిపించేవి, ఇక్కడి జింక పిడుదు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది, కరిచినా తెలీదు. మీ పెదనాన్నకు ఆ పిడుదు కాటుతో లైమ్ జబ్బు వచ్చి మోకాలు బుడగలా వాస్తే, వయసు నొప్పులే అనుకుని జండూబామ్ రాస్తూ కూర్చున్నాం, డాక్టర్ దగ్గరికి పోయేసరికి రెండు నెలలు దాటింది. లేత రంగు ప్యాంటు వేసుకో, అంచులు సాక్సుల్లోకి దూర్చు. ఇంటికి రాగానే బట్టలు డ్రయ్యర్లో వేసి స్నానం చెయ్యి, మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక తడిమి చూసుకో. కనిపిస్తే సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగెయ్యి. సాధారణంగా ఒక రోజుకు పైగా అంటుకుని ఉంటేనే జబ్బు ఎక్కుతుంది కాబట్టి రోజూ చూసుకోవడమే మందు. నీ బద్ధకం నాకు తెలుసు, అందుకే ఇంత రాశాను.

టోపీ, నీళ్లు, పర్మిట్ కాగితం సంగతి నీకు చెప్పక్కర్లేదు. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీని ముట్టుకోకు.

ఇక మొక్క. సన్నటి కాడ, దారపు పోగుల్లాంటి ఆకులు, జానెడో మూరెడో ఎత్తు, గడ్డిలో గడ్డిలా కలిసిపోతుంది. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్లో పూసేదాకా నువ్వు దాని మీద నిలబడి దాని కోసమే వెతుకుతుంటావు. గులాబీ రంగు గంటలాంటి పువ్వు, రెక్కల కొసల్లో చిన్న నొక్కు, గొంతులో లేత గీతలు, ముదురు చుక్కలు. అక్కడ దీని చుట్టాలు ఇంకో రెండు మూడు రకాలు పూస్తాయి, తొందరపడి అన్నిటినీ ఇదే అని రాసెయ్యకు. 1988లో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది. ఇది వేరే జాతేం కాదు, అగాలినిస్ డెసెంలోబా అనే దాని చుట్టంతో కలిపెయ్యాలి అని 2011లో కొందరు శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలు చేసి రాశారు. పేరు తేల్చుకునే పని వాళ్లది, పురుగులా వంగి లెక్కపెట్టే పని నీది.

దీని కథ నాకు ఎందుకంత పట్టిందో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చిన్నప్పుడు కర్నూలు దగ్గర మా జొన్న చేలో తెల్లపూల కలుపు ఒకటి వచ్చేది, జొన్నమల్లె. పైకి ముచ్చటగా ఉంటుంది, కింద వేళ్లు పోయి జొన్న వేళ్లను పట్టుకుని పీల్చేస్తాయి. మీ తాత నన్నూ మీ అమ్మనూ సాలు వెంట నడిపించి, విత్తనం కట్టకముందే పీకించేవాడు. ఒక్క మొక్క వదిలినా సాయంత్రం తిట్లు. అలాంటి నేను ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ల తర్వాత, అదే కుటుంబానికి చెందిన మొక్కను బతికించడానికి మోకాళ్ల మీద పాకుతున్నానంటే మీ తాత ఏమనేవాడో. పొగాకు మల్లె కూడా ఆ కుటుంబమే. కానీ పొగాకు మల్లెకు పచ్చదనమే లేదు, మొత్తం దొంగతిండి. జెరార్డియా అలా కాదు. తన వంట తనే వండుకుంటుంది, నీళ్లూ లవణాలూ మాత్రం పక్కింటి కుళాయి నుంచి పట్టుకుంటుంది. మన రైతులు శ్రీగంధం వేళ్లు పట్టుకుని పీల్చుకోవడానికి పక్కన కంది వేస్తారు చూడు, అదే లెక్క. ఇక్కడ ఆ పక్కిల్లు లిటిల్ బ్లూస్టెమ్ అనే గడ్డి, ఆకురాలే కాలంలో రాగి చెంబు రంగుకు తిరుగుతుంది. ఆ గడ్డి లేని చోట దీన్ని వెతకడం దండగ.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇది మీ అమ్మకు కూడా తెలీదు.

పదిహేనేళ్ల కిందటి మాట. నేను వాలంటీరుగా వెళ్లే ఆ పాత శ్మశానంలో మూడు వందల ఏళ్ల నాటి రాళ్లున్నాయి. దున్నలేదు, ఎరువు వెయ్యలేదు, ఇళ్లు కట్టలేదు, అప్పుడప్పుడూ గడ్డి కోశారు, అందుకే ఆ మొక్క అక్కడ మిగిలింది. చుట్టుపక్కల ఇసుక నేలంతా ఇళ్లయినా అయింది, లేదంటే మంటలూ గొర్రెలూ లేక ఓక్, పైన్ పొదలు కమ్మేశాయి. మొక్కలున్న చోటల్లా నారింజ రంగు చిన్న జెండాలు గుచ్చి ఉండేవి. సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే సెలవు, జనం వస్తారు, ఒక మూల గడ్డి చూడ్డానికి ఏం బాగాలేదని నాకే తోచింది. ఎవరూ చెప్పలేదు. ముందు శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు గడ్డి కోసే యంత్రం తీసుకుని, జెండాలు లేని చోటు చూసుకుని నున్నగా కోసేశాను. ఒక్క గులాబీ రంగు చుక్క కూడా కనిపించలేదు, ఒట్టు.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే తడి గడ్డితో పాటు వాడిపోయిన గులాబీ రేకలు అంటుకుని ఉన్నాయి. ఆ పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా రాలిపోతుందని నాకు తెలుసు. తెలిసిన దాన్నే, మూడు గంటలకు వెళ్లి పూలు లేవు అనుకున్నాను! ఇంకో సంగతి, జెండాలు పోయిన ఏడాదివి, మొక్క ఈ ఏడాదిది. ఏడాది మొక్కకు నిలకడ ఉండదు, గింజ పడ్డ చోటికి పోతుంది. అది జెండాలు దాటి వచ్చి నా మూలకు చేరింది, నేను గింజ కట్టకముందే తల తీసేశాను. మీ తాత నేర్పిన పని మీ తాత నేర్పినంత శుభ్రంగా చేశాను.

మర్నాడు వెళ్లి కమిటీ పెద్దాయనకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది. మరుసటి ఏడు ఆ మూలలో మొక్కలు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు సరిపోయాయి, అవీ మట్టిలో మిగిలిన పాత గింజల పుణ్యం.

అంతటితో ఆగానా? లేదు. భయపడి, ఏడ్చి, ఆ మూల ఎవరూ యంత్రం తీసుకెళ్లకూడదని పట్టుబట్టి రెండేళ్లు ఆపించాను. గడ్డి పడుకుని చాపలా అల్లుకుంది, ఓక్ మొలకలు లేచాయి, గింజ రాలినా ఇసుక తగలదు. మూడో ఏడు మొక్కలు ఇంకా తగ్గాయి. అప్పుడొక బోటనీ అమ్మాయి వచ్చి, ఏప్రిల్‌లో రేక్‌తో ఆ చాపంతా గీకి పారేసి ఇసుక బయటపెట్టింది. నాకు గుండె దడ. జూన్‌లో ఆ గీతల వెంట మొలకలు వరసగా కనిపించాయి. కోత కూడా మళ్లీ మొదలుపెట్టాం, కానీ కాయలు ఎండి గింజ రాలాక, చలికాలం ముంగిట.

కాబట్టి నువ్వు వెళ్లగానే కోత తేదీలు ఎవరి చేతిలో ఉన్నాయో కనుక్కో. కోత బండి నడిపే మనిషితో కాఫీ తాగు, పువ్వు చూపించు, మెయిల్ పెట్టి ఊరుకోకు. లెక్క పొద్దున పది లోపల మొదలుపెట్టు. జెండాల అవతల ఇంకో పది అడుగులు నడువు, ప్రతి అడుగూ చూసుకుని వెయ్యి. చోటు ఎక్కడో ఇన్‌స్టాలో పెట్టకు. ఇంకా, అక్కడ పాత రాళ్ల మీద చిన్న పిల్లల పేర్లు చాలా ఉంటాయి, మొదటి వారం మనసు బరువెక్కుతుంది, అప్పుడు ఒక్కదానివే ఉండకుండా మా ఇంటికి వచ్చెయ్యి, గంటన్నర డ్రైవే.

ట్వీజరూ, నా పాత మోకాలి దిండూ పార్సెల్ చేశాను. దిండు కుట్లు ఊడాయి, నవ్వకు. పూలు మొదలయ్యాక రోజూ రెండు దాటాక ఫోన్ చెయ్యి, అప్పటికి అవి రాలిపోయి ఉంటాయి, నీకూ లెక్కపెట్టే పని ఉండదు.

పెద్దమ్మ