పరుగెత్తే కథను ప్రేమించే అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పాటు నీ నవల మొదటి రెండు అధ్యాయాలూ అందాయి. అంతరిక్షంలో పరుగులు తీసే నవల ఒకటి మొదలుపెట్టి తెల్లవారేదాకా వదలలేకపోయానని రాశావు. మర్నాడు సాహిత్య మిత్రులు ఏం చదువుతున్నావని అడిగితే వేరే పుస్తకం పేరు చెప్పానని కూడా రాశావు. ఇలాంటివి చదివితే రాత పాడవుతుందా అని నీ ప్రశ్న. పాడవదు. ఆ పుస్తకాన్ని దాచుకోవడమే నన్ను కలవరపెట్టింది. తనకు నచ్చినదాన్ని దాచడం అలవాటైన మనిషి, రాయడానికి కూర్చున్నప్పుడు కూడా ఎదుటివాళ్లు మెచ్చేదాన్నే వెతుక్కుంటుంది. ముందు ఆ అలవాటు మానుకో.

పలాయన సాహిత్యమని తీసిపారేసేవాళ్లను ఒక మాట అడగాలనిపిస్తుంది. పారిపోతున్నది ఎవరు, ఎంతసేపటికి? రాత్రి డ్యూటీ దిగి బస్సెక్కిన నర్సు, పోటీ పరీక్షల పుస్తకాల మధ్య రెండేళ్లుగా కూర్చున్న కుర్రాడు, ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కన కాపలా ఉన్న కూతురు. వీళ్లు రెండు గంటలు అంగారకుడి మీద తిరిగి వస్తే ఎవరి బాధ్యతా తప్పిపోదు. తిరిగొచ్చి ఆ పనే చేస్తారు, కాస్త తేటపడిన మనసుతో. అలసిన మనిషికి ఆ రెండు గంటలు ఇవ్వగలిగిన రచయిత అంటే నాకు గౌరవం. అది తేలికైన పని అనుకునేవాళ్లు ఒక్క అధ్యాయం రాసి చూస్తే తెలుస్తుంది.

మన దగ్గర ఇది కొత్తదీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు గుర్తు తెచ్చుకో. మణిసిద్ధుడనే యతి కాశీయాత్రకు తోడు రమ్మని ఒక గొల్లపిల్లవాడిని పిలుస్తాడు. దారిలో తనకు వింతగా కనిపించినదాని కథ చెబితేనే వస్తానని ఆ పిల్లవాడు షరతు పెడతాడు. కథ లేకపోతే అతను అడుగు వేయడు. అతను అడుగు వేయకపోతే యాత్ర లేదు. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన ధారావాహికలు నెల తర్వాత నెల ఎంతమంది పిల్లల్ని పోస్టుమ్యాన్ కోసం వీధిలో నిలబెట్టాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడుగు. తెలుగులో పఠనం ఇలాంటి ఆత్రుతల మీదే పెరిగింది.

ఇక చదవడం గురించి. మొదటిసారి చదివేటప్పుడు పెన్సిలు ముట్టుకోవద్దు. రచయిత ఎక్కడ ఏ కిటుకు వేశాడో పట్టుకోవాలన్న తాపత్రయం వద్దు. భయపడవలసిన చోట భయపడు, తిండి మరిచిపో, పేజీలు దాటేయాలనిపిస్తే దాటేయి. పాఠకురాలిగా నీకు కలిగిన ఆనందం ఎలాంటిదో ఒంటికి తెలియకపోతే, రేపు ఇంకొకరికి దాన్ని ఇవ్వడం నీ వల్ల కాదు. నెల పోయాక మళ్లీ తెరువు. ఇప్పుడు నీకు కథ తెలుసు కనుక తొందర ఉండదు. గుండె ఎక్కడ జారిందో ఆ పేజీకి వెళ్లి, దానికి ముందున్న ఇరవై పేజీలు నెమ్మదిగా చదువు. అసలు పని ఆ ఇరవై పేజీల్లో జరిగి ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మైకేల్ క్రైటన్ నవల జురాసిక్ పార్క్ 1990లో వచ్చింది. సినిమా చూసినవాళ్లకు రాక్షసబల్లుల పరుగులే గుర్తుంటాయి. పుస్తకంలో నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది మాత్రం ఒక అంకెల పట్టిక. రాక్షసబల్లులను మళ్లీ పుట్టించి ఒక దీవిలో పెంచుతుంటారు. అక్కడి జంతువులను కంప్యూటర్ ఎప్పటికప్పుడు లెక్కపెడుతూ ఉంటుంది. ఉండవలసినవి 238. ఎప్పుడు చూసినా 238 ఉన్నట్టే చూపిస్తుంది. యాజమాన్యానికి అంతకంటే ఏం కావాలి? వచ్చిన అతిథుల్లో ఒక గణితవేత్త ఉంటాడు. ఈసారి 300 జంతువుల కోసం వెతకమనండి అంటాడు. కంప్యూటర్ 292 చూపిస్తుంది. జంతువులు తగ్గితే తెలుసుకోవడానికి మాత్రమే ఆ లెక్క పెట్టారు. అనుకున్న సంఖ్య రాగానే అది ఆగిపోతోంది. ఆ జంతువులు సంతానం కనలేవని నమ్మినవాళ్లు పెరుగుదలను చూసే దారే పెట్టుకోలేదు.

ఆ పేజీలో ఎవరూ పరుగెత్తరు, రక్తం చుక్క ఉండదు. అయినా ఆ తర్వాత పొదలో ఆకు కదిలితే చాలు, మనకు వణుకు పుడుతుంది. క్రైటన్ హార్వర్డ్‌లో వైద్యం చదివినవాడు. పరీక్షల నివేదికలో ఒక అంకె మనిషి బతుకును ఎలా తలకిందులు చేస్తుందో అతనికి తెలుసు. నాకు అర్థమైనంతలో వేగం అంటే ఇదే. ఏం జరగవచ్చో పాఠకుడికి ముందే తెలియాలి. అది తెలిసిన మనిషే పేజీలు తిప్పుతాడు.

నీ మొదటి అధ్యాయంలో బాంబులు మూడు పేలాయి. ఏదీ నన్ను కదిలించలేదు. ఏం పోతుందో నాకు తెలియకముందే అన్నీ పోయాయి.

నిజంగా జరిగిన ఒక సంగతి చెబుతాను, ఇది మన శ్రీహరికోట నుంచే మొదలైంది. 2013 నవంబరు 5న మంగళయాన్ అక్కడి నుంచి బయలుదేరింది. 2014 సెప్టెంబరు 24 ఉదయం దాన్ని అంగారకుడి కక్ష్యలో నిలపాలి. దానికి ప్రధాన ఇంజను దాదాపు 24 నిమిషాలు మండాలి. ఆ ఇంజను సుమారు 300 రోజులుగా నిద్రలో ఉంది. రెండు రోజుల ముందు నాలుగు సెకన్ల పాటు వెలిగించి, పనిచేస్తుందని చూసుకున్నారు. అసలు రోజున ఇంజను మండుతుండగానే నౌక అంగారకుడి వెనక్కి వెళ్లిపోతుంది, సంకేతాలు అందవు. అందే సంకేతం కూడా భూమిని చేరడానికి పన్నెండు నిమిషాలకు పైగా పడుతుంది. ఆదేశాలన్నీ ముందే పంపేశారు. ఇక్కడ కూర్చున్నవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు, ఎదురుచూడటం తప్ప.

ఇందులో విలన్ లేడు చూడు. దూరం, కాంతివేగం, నిద్రపోయిన ఇంజను, ఇవి చాలు. సైన్స్ తెలిసిన రచయితకు ఇంత సామగ్రి ప్రకృతే అందిస్తుంది. కొందరు మాత్రం క్వాంటమ్ అన్న మాటను మంత్రంలా ఊది కథానాయకుడిని గండం దాటించేస్తారు. అలాంటి పుస్తకాలు నేను మధ్యలోనే మూసేస్తాను. ఏ క్షణాన ఏ మంత్రమైనా పనిచేస్తుందంటే, ఇక ఏ ప్రమాదాన్నీ నమ్మలేం.

అబద్ధం అసలు వద్దని అనడం లేదు. ఆండీ వియర్ తన నవల ది మార్షియన్‌ను మొదట సొంత వెబ్‌సైట్‌లో అధ్యాయం తర్వాత అధ్యాయంగా పెట్టాడు. ఆ కథ ఒక భీకరమైన ఇసుక తుఫానుతో మొదలవుతుంది. అంగారకుడి మీద వాయుపీడనం మన భూమి మీద ఉన్నదాంట్లో వందో వంతు కూడా ఉండదు, కాబట్టి అక్కడి గాలి మనుషులను అలా విసిరికొట్టలేదు. ఆ సంగతి తనకు తెలుసని రచయితే చెప్పాడు. ఆ తర్వాత మాత్రం బంగాళాదుంపలు ఎన్ని పండాలి, నీళ్లు ఎలా పుట్టించాలి, ఒక్కో రోజుకు ఎన్ని కేలరీలు కావాలి, అన్నీ లెక్కకట్టి చూపించాడు. మొదటి పేజీల్లో ఒక్క అబద్ధం అడిగి తీసుకుని, మిగతా పుస్తకమంతా నిజాయితీగా నడిచాడు. నువ్వు కూడా ఒక్కటే తీసుకో, అది కూడా మొదట్లోనే. కథ చివర్లో గండం గట్టెక్కడానికి రెండోది అడగకు.

ఇప్పుడు వాక్యం సంగతి. ఇంగ్లీషులో ఈ పుస్తకాలు ఎక్కువ చదువుతావు కాబట్టి, వాటి లయ నీ చెవిలో ఉండిపోయింది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. వేగంగా రాయడానికి అది అడ్డమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ఈ వాక్యం చూడు: ఆమె తలుపు తోసి, లోపలికి దూరి, మీట కోసం చీకట్లో తడిమి, అది దొరకక వెనక్కి తిరిగి, అప్పటికే గదినంతా కమ్మేసిన పొగను చూసింది. తోసి, దూరి, తడిమి అంటూ పోతుంటే పాఠకుడికి కాలు ఆనడానికి చోటు దొరకదు. ఊపిరి బిగబట్టి చివరి క్రియ దాకా రావలసిందే. ఒకే ఉరుకులో జరిగే పనికి ఇలాంటి వాక్యం వాడు. ఆ ఉరుకు తెగిన చోట వాక్యాన్నీ తెంచేయి. మీట దొరకలేదు. రెండే మాటలు. ఈ రెండు రకాలనూ మార్చి మార్చి వాడటం నేర్చుకో. నీ రెండో అధ్యాయంలో అన్నీ మూడు మాటల వాక్యాలే ఉన్నాయి. మూడో పేజీకి వచ్చేసరికి నాకు డప్పు చప్పుడు తప్ప పాట వినిపించలేదు.

ఇంకొకటి, తలుపు మూయబడింది అని రాశావు. అది ఆఫీసు కాగితంలా ఉంది. తలుపు మూసుకుంది అని రాసి చూడు, నీ పాత్రతో పాటు పాఠకుడు కూడా తల తిప్పి చూస్తాడు.

నీ కథలో నాకు నిజంగా నచ్చిన చోటు ఒకటుంది. అంతరిక్ష కేంద్రంలో గాలి కారిపోతోందని తెలిశాక, మీ కథానాయిక ముందుగా వాచీ వైపు చూస్తుంది. ఆ ఒక్క చూపు మూడు బాంబుల కంటే బలంగా ఉంది. కానీ ఆ వాచీలో ఎంత సమయం మిగిలిందో నువ్వు చెప్పలేదు. నీకే తెలియదేమోనని నా అనుమానం. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ప్రాణవాయువు కావాలని నాసా లెక్క. నీ కేంద్రంలో ఇద్దరున్నారు. నిల్వ ఎంత ఉంది, ఎంత కారిపోతోంది, కూడికలు తీసివేతలు చేసి ఒక కాగితం మీద రాసుకో.

గాలి కారడం ఆపాక కూడా గండం తీరదని గమనించు. మూసిన గదిలో చాలాసార్లు ప్రాణవాయువు అయిపోవడం కంటే ముందే వదిలిన ఊపిరి విషమవుతుంది. 1970 ఏప్రిల్‌లో చంద్రుడికి బయలుదేరిన అపోలో 13 నౌకలో ముంచుకొచ్చింది ఈ గండమే. పెద్ద నౌక దెబ్బతినడంతో, చంద్రుడి మీద దిగడానికి ఉద్దేశించిన చిన్న నౌకలో వ్యోమగాములు ముగ్గురూ తలదాచుకున్నారు. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే డబ్బాలు పెద్ద నౌకలో చదరంగా ఉంటే, చిన్న నౌకలో గుండ్రటివి పట్టేలా ఏర్పాటు ఉంది. ఒకదానికి ఒకటి అమరదు. ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, టేపు, చేతికి దొరికినవాటితోనే అమర్చుకుని బతికారు.

నీ రెండో అధ్యాయంలో ఆరు పేజీల కొట్లాట తీసేసి, ఆ స్థానంలో ఇలాంటి అమరని డబ్బా ఒకటి పెట్టు. ఆ ఇద్దరికీ పడదని మొదట్లోనే చెప్పావు కదా, ఇప్పుడు ఒకే టేపు చుట్టను పంచుకోవలసి వస్తే ఏం మాట్లాడుకుంటారో వినాలని ఉంది. సంక్రాంతికి ముందే పంపు. లెక్క రాసుకున్న కాగితం కూడా జతచేయి, ముందు అదే చదువుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి