ఎయిర్‌మన్ గ్రూప్-1 రాశాక ఎన్‌ఓసీ అడిగితే ఇస్తారా?

మీ తమ్ముడు వైమానిక దళంలో ఎనిమిదేళ్లుగా ఎయిర్‌మన్ అన్నారు. యూనిట్‌లో చెప్పకుండా గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసి గట్టెక్కాడు, ఉద్యోగం వచ్చాక ఎన్‌ఓసీ (వేరే ఉద్యోగంలో చేరడానికి అభ్యంతరం లేదని దళం ఇచ్చే పత్రం) అడిగితే సరిపోతుందా అని మీ ప్రశ్న. సరిపోతుందన్న ఆశ పెట్టుకోవద్దు. మొహమాటం లేకుండా చెబుతున్నానంటే, ఆ పొరపాటు నేనూ చేశాను.

అప్పుడు నేను ఉత్తరాదిలో ఒక స్టేషన్‌లో కార్పొరల్‌ని. అందరూ పడుకున్నాక బ్యారక్ వరండాలో దీపం కింద చదివేవాణ్ని. సెలవు మీద ఇంటికి వచ్చి పరీక్ష రాసి, ఏమీ ఎరగనట్టు తిరిగి వెళ్లాను. తప్పితే తోటివాళ్లు నవ్వుతారన్న భయమే తప్ప, దీనికి ఒక నియమం ఉందన్న ఊహ కూడా లేదు. ధ్రువపత్రాల పరిశీలనకు పిలుపు వచ్చింది. సంబరంగా అడ్జుటెంట్ (యూనిట్ పాలన పనులు చూసే అధికారి) దగ్గరికి వెళితే ఆయన అడిగింది ఒక్కటే: దరఖాస్తు పెట్టేముందు అనుమతి తీసుకున్న కాగితం ఏది? ఆ ఉద్యోగం అక్కడే పోయింది. పైగా సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది.

రెండోసారి నోటిఫికేషన్ పడిన రోజే అర్జీ ఇచ్చాను. పోస్టు పేరు, జీతం స్కేలు, చివరి తేదీ, నా సర్వీసు వివరాలు అన్నీ అందులో రాశాను. అయినా అది ఒక గుమాస్తా బల్ల మీద పదకొండు రోజులు కదలకుండా ఉంది. ఆ తరువాత ఏ కాగితమిచ్చినా నకలు మీద తేదీతో సంతకం పెట్టించుకునేవాణ్ని. మీ తమ్ముడికి ఈ అలవాటు ఇప్పుడే చేయించండి.

అనుమతి విషయంలో దళానికి ఇంత పట్టుదల ఎందుకంటే, ఎయిర్‌మన్‌గా చేరేటప్పుడు 20 ఏళ్లకు సంతకం పెడతాం. సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారం రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఇష్టం వచ్చినప్పుడు వదిలి వెళ్లే హక్కు ఎయిర్‌మన్‌కు లేదని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఏడేళ్ల సర్వీసు నిండితే అడగవచ్చు, ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో పని. ఎంత స్థాయి పోస్టుకు అనుమతిస్తారన్నది వైమానిక దళ ఆదేశంలో ఉంటుంది, ఆ ఆదేశాలు మారుతూ ఉంటాయి కాబట్టి తాజాది ఆర్డర్లీ రూములో (యూనిట్ కార్యాలయంలో) అడిగి చదవమనండి. తన ట్రేడ్‌లో (దళంలో తను చేసే పని విభాగంలో) మనుషుల కొరత ఉంటే కష్టమే.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 15 ఏళ్లు నిండకుండా సొంత కోరికతో బయటికి వస్తే సర్వీసు పెన్షన్ లేదు. పెన్షన్ రాకుండా అలా వచ్చినవాడికి మాజీ సైనికుడన్న గుర్తింపు కూడా ఉండదు, అంటే రేపు మరో పరీక్షకు ఆ కోటా అందదు. మా నాన్న ఈ మాట విని వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అగ్నివీరులు ఇది చదువుతుంటే ఒక్క మాట. 2022లో వచ్చిన ఆ పథకంలో, ఏదో అసాధారణ పరిస్థితిలో తప్ప, నాలుగేళ్లు నిండకముందు సొంత కోరిక మీద బయటికి పంపరు.

ఇక మీ తమ్ముడు చేయాల్సింది: మెయిన్స్ దాకా ఆగకుండా ఈ వారమే జరిగింది జరిగినట్టు రాసి సెక్షన్ కమాండర్‌కు ఇవ్వాలి. తిట్లు తప్పవు. ఈ ఏడాది అవకాశం పోయినా, వచ్చే నోటిఫికేషన్‌కు దారి మూసుకుపోకుండా ఉంటుంది.

అనుమతి వచ్చి, ఉద్యోగమూ వస్తే, కొత్త శాఖలో చేరే గడువు పొడిగించమని ముందే ఉత్తరం పెట్టించండి. నా డిశ్చార్జికి నాలుగు నెలలు పట్టింది. చివరి రోజు అన్ని విభాగాల సంతకాలూ అయ్యాక, ఎప్పుడో తీసుకుని తిరిగివ్వని ఒక పుస్తకం కోసం లైబ్రరీ వాళ్లు సాయంత్రం దాకా ఆపారు.