పొర లేచిపోయిందని రాశావుగా

అమ్మాయ్, చిత్తూరు నుంచి పెదనాయన ఆశీస్సులు.

హైడ్రోజన్‌ను పసిగట్టే సెన్సర్ కోసం గాజు మీద పల్లాడియం అనే లోహాన్ని పలచటి పొరగా వేశాననీ, హైడ్రోజన్ వాయువు దాని మీదికి పంపగానే పొర గుండా వచ్చే వెలుతురు పెరిగిందనీ, రెండోసారి అంత పెరగలేదనీ, మూడోసారికి పొలుసులు లేచాయనీ రాశావు. టెన్షన్ పడకు. నా చేతిలో లేచిపోయిన పొరలు నీకంటే చాలా ఎక్కువ.

పల్లాడియం తన ఘనపరిమాణానికి కొన్ని వందల రెట్ల హైడ్రోజన్‌ను మింగుతుంది. రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం ఆ సంగతి 1860లలోనే చూశాడు. కొంచెం మింగితే ఇబ్బంది లేదు. ఒక హద్దు దాటితే, కొద్దిపాటి హైడ్రోజన్ ఉండే ఆల్ఫా రూపం హైడ్రోజన్ బాగా నిండిన బీటా రూపంగా మారి, లోహం ఘనపరిమాణం 10 శాతం దాకా ఉబ్బుతుంది. వానలకు మన వంటింటి తలుపు ఉబ్బి బిగుసుకుపోదూ, అట్లాగే. కింద గాజు కదలదు, పక్కలకు చోటు లేదు. ఇక పైకి లేవక ఏం చేస్తుంది?

అందుకే మందం తగ్గించు. 10 నుంచి 20 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు) చాలు. మందం పెరిగేకొద్దీ లోపలి బిగువు పొరను పీకేస్తుంది. గాజును అసిటోన్‌తో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పల్లాడియం గాజును గట్టిగా పట్టుకునేలా ముందు 2, 3 నానోమీటర్ల టైటానియం వేసుకో. పొర వేయడానికి పల్లాడియాన్ని టంగ్‌స్టన్ బోటులో (లోహాన్ని కాచి ఆవిరి చేసే చిన్న తొట్టిలో) కరిగించకు, పల్లాడియం ఆ బోటునే తినేస్తుంది. స్పటరింగ్ (అయాన్లతో కొట్టి లోహపు అణువులను గాజు మీదికి రాల్చే పద్ధతి) దొరికితే అదే మేలు. అప్పటికీ నిలవకపోతే బంగారమో నికెలో కలిపి చూడు. సిగ్నల్, అంటే వెలుతురులో వచ్చే మార్పు, కాస్త తగ్గుతుంది, కానీ ఆ బీటా గొడవ చాలావరకు సర్దుకుంటుంది. ఆ బేరం నాకు ఇష్టమే.

కొత్త పొరకు మొదటి నాలుగైదు సార్లు వచ్చే గ్రాఫును నమ్మకు, దాన్ని కుదురుకోనీ. తిరుపతి ఎండలకు ఏసీ ఆగితే పొర మీద వేసే దీపం వెలుతురూ మారుతుంది, పొర స్పందనా మారుతుంది. పక్కనే ఉత్త గాజు ముక్క ఒకటి పెట్టి, వెలుతురు కొలిచే రెండో డిటెక్టరుతో దీపాన్ని కనిపెట్టుకుని ఉండు.

నైట్రోజన్‌లో బాగా వచ్చిందని మురిసిపోకు. గాలిలోని ఆక్సిజన్ పొర మీద హైడ్రోజన్‌ను నీళ్లుగా మార్చేస్తుంది, సిగ్నల్ పడిపోతుంది. గాలిలోనూ కొలిచాకే గైడుగారికి చూపించు.

సిలిండరు మాత్రం నైట్రోజన్‌లో 4 శాతం లోపు హైడ్రోజన్ కలిపిందే తెప్పించు. గాలిలో 4 శాతం దాటితే అంటుకుంటుంది.

లేచిన ఆ పొర పారేయొద్దు. పండక్కి వచ్చేటప్పుడు డబ్బాలో పెట్టి తీసుకురా, పగుళ్లు ఎటు పోయాయో ఇద్దరం చూద్దాం.

పెదనాయన