నీ కథలో కోచ్ ఎక్కువ మాట్లాడాడు

విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ చదివాను. రైల్వే గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఫైనల్, రెండు గోల్స్ వెనకబడ్డ కంచరపాలెం కుర్రాళ్లు, హాఫ్‌టైమ్‌లో కోచ్ మాటలు, ఆ తర్వాత వరసగా మూడు గోల్స్. మొదటి రెండు పేజీల్లో గ్రౌండ్ బాగా కుదిరింది. ఉక్కపోతకి జెర్సీలు ఒంటికి అతుక్కుపోవడం, గడ్డి లేచిపోయిన చోట బంతి అడ్డదిడ్డంగా ఎగరడం, లైన్ బయట కూర్చున్న ముసలాయన రిఫరీని పేరు పెట్టి తిట్టడం, ఇవన్నీ కళ్లారా చూసినవాడు రాసినట్టున్నాయి. అంత బాగా చూడగలిగినవాడివి, డ్రెస్సింగ్ రూమ్ గడప దాటగానే చూడటం మానేశావు. అక్కడ నీ కోచ్ పేజీన్నర మాట్లాడాడు. పదకొండు మందీ రెప్ప వాల్చకుండా విన్నారు. చివర్లో ‘సింహాల్లా లేచారు’ అని రాశావు.

ఆ పేజీన్నర కొట్టెయ్యి. ఈ ఉత్తరం రాయడం అందుకే.

ముందు టైమ్ సంగతి చూడు. ఫుట్‌బాల్ నియమాల్లో ఏడోది ఆట ఎంతసేపు అనే దాని గురించి. 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో విరామం 15 నిమిషాలు మించకూడదు. ఆ పదిహేనూ కోచ్ చేతికి రావు. గ్రౌండ్ నుంచి గదికి నడిచి వెళ్లడానికి కొంత పోతుంది, తిరిగి రావడానికి కొంత పోతుంది. ఒకడు బాత్రూమ్‌కి పరిగెడతాడు, ఒకడు తడిసిన స్టాకింగ్స్ మార్చుకుంటాడు, ఇంకొకడి మడమకి టేప్ విప్పి మళ్లీ చుట్టాలి. ఇవన్నీ పోగా అందరూ ఒకచోట కూర్చుని వినేది మహా అయితే ఐదారు నిమిషాలు. మన లోకల్ టోర్నమెంట్లలో విరామం ఇంకా కుదించేస్తారు. చాలా చోట్ల గదే ఉండదు. షామియానా కింద, లేదంటే గోడ నీడన నేల మీద కూలబడటమే. నీ కథలో గది ఉంచుకో, తప్పులేదు. కానీ అందులో గడిచే టైమ్ నిజం టైమ్‌లా ఉండాలి.

ఆ గదిలో మొదట జరిగేది రాయదగ్గ విషయం. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. మొదటి రెండు మూడు నిమిషాలు తెలిసిన కోచ్ ఎవడూ నోరు విప్పడు. కొందరు గదిలోకే రారు, బయట నిలబడి అసిస్టెంట్‌తో మాట్లాడుకుంటారు. ఆయాసంతో రొప్పుతున్నవాడికి ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ కాసేపూ నీకు వినిపించేది ఊపిరి, సిమెంటు నేల మీద బూట్ల అడుగున ఉండే స్టడ్స్ టకటక, సీసా మూతల చప్పుడు. గదంతా నొప్పుల స్ప్రే వాసన, దాని కింద తడి సాక్సుల వాసన. ఒకడు గ్లూకోజ్ నీళ్లు గటగటా తాగేసి కడుపు పట్టుకుంటాడు. ఒకడు బత్తాయి తొన నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతాడు. పాలిథిన్ కవర్లో వేసిన ఐస్ మోకాలి మీద పెట్టుకున్నవాడి పిక్క మీదుగా నీళ్లు కారి స్టాకింగ్‌లోకి దిగుతుంటాయి. గోల్‌కీపర్ మిగతావాళ్లకి కాస్త ఎడంగా కూర్చుంటాడు. రెండు గోల్స్ తిన్నవాడు గ్లవ్స్ విప్పుతాడా, విప్పకుండా అలాగే కూర్చుంటాడా? నీ కీపర్ ఏం చేస్తాడో నువ్వే తేల్చుకో. అది తెలిస్తే ఆ కుర్రాడెవరో సగం తెలిసినట్టే.

ఆ తర్వాత మాట లేస్తుంది. ముందు లేచేది కోచ్ మాట అయ్యుండదు.

“ఏట్రా, ఆడు నీ మనిషి కాదా?”

“నువ్వు కేకెయ్యాల కదా! ఎనకనించి వచ్చినోడు నాకెలాగ అగుపడతాడు?”

ఓడిపోతున్న జట్టులో హాఫ్‌టైమ్ అంటే ముందు ఇది. కోచ్ మొదటి పని ఈ తగువు తుంచడం. కొంతమంది ఒక్క కేకతో తుంచేస్తారు. కొంతమంది తెలివిగా, గొడవ పడే ఇద్దరికీ చెరో పని అప్పజెప్తారు. నీ కథలో వెనకబడ్డవాళ్లు ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు. నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు నీకు తెలిసిన మ్యాచే చెప్తాను. 2005 మే 25, ఇస్తాంబుల్, యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఫైనల్. హాఫ్‌టైమ్‌కి ఏసీ మిలాన్ 3, లివర్‌పూల్ 0. రెండో భాగంలో 54వ నిమిషం నుంచి 60వ నిమిషం లోపల లివర్‌పూల్ మూడు గోల్స్ కొట్టి సమం చేసింది, చివరికి పెనాల్టీల్లో గెలిచింది. నీ కథ ప్లాట్ ఎక్కడిదో నాకు తెలుసు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ రాత్రి గదిలో లివర్‌పూల్ కోచ్ రఫాయెల్ బెనితెజ్ ఏం చెప్పాడా అని ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. ఆయన ఇంగ్లండ్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు, ఇంగ్లిష్ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఆయన చేసిన పని మాత్రం స్పష్టం. వెనక డిఫెండర్లని ముగ్గురికి తగ్గించి, మధ్యలోకి డైట్‌మర్ హమాన్‌ని దించాడు. దాంతో కెప్టెన్ జెరార్డ్ ముందుకి వెళ్లడానికి వీలు చిక్కింది.

నేను ఎప్పుడూ తల్చుకునేది వేరే మనిషిని. డిఫెండర్ జిమీ ట్రావోరేకి నిన్ను తీసేస్తున్నామని ముందు చెప్పేశారు. అతను బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. అంతలో ఫిజియో వచ్చి స్టీవ్ ఫినన్ గాయంతో ఇక ఆడలేడన్నాడు. బయటికి వెళ్లేది ఫినన్ అయ్యాడు, ట్రావోరే మళ్లీ బూట్లు తొడుక్కున్నాడు. రెండో భాగంలో స్కోరు 3-3 అయ్యాక మిలాన్ ఫార్వర్డ్ షెవ్‌చెంకో కొట్టిన బంతిని గోల్ లైన్ మీద ఆపింది ఆ ట్రావోరేనే. తమ్ముడూ, లేసులు విప్పుకుంటూ కూర్చున్న ఆ మనిషి మనసులో ఏముంటుంది? పక్కవాళ్లు అతని వైపు చూస్తారా, చూడనట్టు తల తిప్పుకుంటారా? ఒక్క మాటతో నీ ఆట అయిపోయిందనీ, ఇంకో మాటతో కాలేదనీ తెలిసినవాడు ఎలా లేస్తాడు? రచయిత వెళ్లి కూర్చోవాల్సింది అతని పక్కన. నువ్వు బోర్డు ముందు నిలబడ్డ కోచ్ పక్కన కూర్చున్నావు.

కోచ్‌ని అసలు మాట్లాడనివ్వొద్దని అనడం లేదు. మాట్లాడితే అందులో పని ఉండాలి. 2022 నవంబర్ 22న వరల్డ్ కప్‌లో అర్జెంటీనా మీద సౌదీ అరేబియా హాఫ్‌టైమ్‌కి 0-1తో వెనకబడి ఉంది. కోచ్ ఎర్వే రెనార్ గదిలో మండిపడ్డ వీడియో ప్రపంచమంతా చూసింది. మెస్సీ దగ్గర బంతి ఉంటే మీరు నిలబడి చూస్తున్నారు, కావాలంటే ఫోన్ తెచ్చుకుని అతనితో ఫొటో దిగండి అని ఎత్తిపొడిచాడు. పైకి అది తిట్టు. లోపల ఉన్నది ఒకే ఒక్క సూచన, అతనికి దగ్గరగా వెళ్లమని. రెండో భాగం మొదలైన పది నిమిషాల్లోపే రెండు గోల్స్ పడ్డాయి, మ్యాచ్ 2-1తో గెలిచారు. నీ కోచ్ మాటల్లో ‘ఊరి పరువు’ ఉంది, ‘అమ్మ కన్నీళ్లు’ ఉన్నాయి. ఎడమ వైపు వింగర్‌ని ఎవరు ఆపాలో మాత్రం లేదు. వాడే కదా రెండు గోల్స్‌కీ బంతి అందించింది, నువ్వే రాశావు.

కోచ్ బుర్ర ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే హైదరాబాద్ స్కూల్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చదువు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియాతో ఫైనల్లో అతను గోల్ కొట్టాడు, మనం 2-1తో స్వర్ణం గెలిచాం. అది హాఫ్‌టైమ్‌లో తట్టిన ఆలోచన కాదు. ఐనా ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తెలియడం అంటే ఏమిటో అందులో కనబడుతుంది. ఆ తెలివి ఒక్క పిసరు నీ కోచ్‌కి ఇవ్వు, రెండు వాక్యాలు మాట్లాడినా పాఠకుడు నమ్ముతాడు.

ఇక ఆ సింహాలు. పావుగంట కదలకుండా కూర్చుంటే ఒళ్లు చల్లబడి కండరాలు బిగుసుకుంటాయి. అందుకే పెద్ద జట్లు విజిల్‌కి ముందే బయటికొచ్చి కాస్త పరిగెత్తుతాయి. నీ కుర్రాళ్లు లేచేటప్పుడు ఒకడు గోడ పట్టుకుంటాడు, ఒకడు పక్కవాడి భుజం పట్టుకుంటాడు, తొడ పట్టేసినవాడు మొదటి నాలుగడుగులు కుంటుతూ వేస్తాడు. మే నెలలో మన ఊరి ఉక్కలో అయితే నీడలోంచి ఎండలోకి రావడానికే ప్రాణం మొరాయిస్తుంది. అలా లేవనివ్వు వాళ్లని.

వచ్చే ఆదివారాలు గ్రౌండ్లకి వెళ్లు. ఏయూ గ్రౌండ్, పోర్ట్ స్టేడియం, మునిసిపల్ స్టేడియం, ఎక్కడ మ్యాచ్ ఉంటే అక్కడికి. రచయితనని చెప్పుకోకు. టీమ్ మేనేజర్‌ని అడిగి సీసాల్లో నీళ్లు నింపే పని తీసుకో, నీళ్లిచ్చేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఫోన్ జేబులోంచి తియ్యకు. సాయంత్రం బీచ్‌లో జాలరిపేట పిల్లలు ఇసుకలో ఆడుతుంటే అక్కడా కూర్చో. వాళ్లకి కోచ్ ఉండడు, విరామంలో ఎవడి మాట చెల్లుతుందో గమనించు. మ్యాచ్ అయిపోయాక పెద్దవాళ్ల కోచ్‌ని ఒక ప్రశ్న అడుగు: హాఫ్‌టైమ్‌లో చెప్దామనుకుని చెప్పకుండా ఆపుకున్నదేమిటి అని. నాకు అలా దొరికిన జవాబులు ఎన్నో కథలకి పనికొచ్చాయి.

చివరగా ఒక మాట. నీ కథలో ఏడో నంబర్ కుర్రాడున్నాడు. మొదటి పేజీలో అన్నయ్య పాత బూట్లు వేసుకుని వచ్చాడు, వేళ్ల దగ్గర గుడ్డ కుక్కుకున్నాడు. హాఫ్‌టైమ్‌లో వాణ్ణి తీసేసి వేరేవాణ్ణి దించారని అరవాక్యంలో చెప్పి వదిలేశావు. ఆ వేరేవాడే మూడో గోల్ కొట్టాడు. అప్పుడు ఏడో నంబర్ ఎక్కడున్నాడు? బెంచీ మీద లేచి అరిచాడా? అరిస్తే ఎంతసేపు అరిచాడు? మ్యాచ్ గెలిచాక ఆ బూట్లు చేత్తో పట్టుకుని నడిచాడా, కాళ్లకే ఉంచుకున్నాడా? నాకు ఆ కుర్రాడి కథ కావాలి. కోచ్ స్థలం తగ్గించి అది రాయి. పోస్టులో పంపకు, రాయడం అయ్యాక ఇంటికే తీసుకురా, కూర్చుని చదువుదాం.

నీ శ్రేయోభిలాషి,
అన్నయ్య