కెంపు సాంద్రత 3.85 దగ్గరే ఆగిపోతోందంటే
2 క్యారెట్ల రాయిని నీళ్లలో తూస్తే సాంద్రత 4.00 రాక 3.85 వస్తోందన్నారు. చాలావరకు గాలి బుడగల పనే. 2.00 క్యారెట్ల కెంపు నీళ్లలో 1.50 తూగాలి (2.00ని తగ్గిన 0.50తో భాగిస్తే 4.00), బుడగలు 0.02 తగ్గించినా చాలు, అచ్చం మీ అంకే వస్తుంది.

1. నీళ్లు మరిగించి చల్లార్చండి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలపండి.
2. తీగ బుట్టను నీళ్లలో ఉంచే కాటా సున్నా చేయండి.
3. రాయిని ముంచాక సన్నటి కుంచెతో అడుగువైపు, అంచు చుట్టూ రుద్దండి. అందరూ వదిలేసేది ఇదే. లెన్సులో బుడగ వెండి చుక్కలా మెరుస్తుంది.

అయినా 3.85 దగ్గరే ఉంటే గార్నెట్ (కెంపులా ఎర్రగా ఉండే మరో రాయి) కావచ్చు. డైక్రోస్కోప్‌లో (రాయి రంగులను విడదీసి పక్కపక్కనే చూపే చిన్న పరికరం) తిప్పి తిప్పి చూడండి: కెంపుకి ఊదా ఎరుపు, నారింజ ఎరుపు రెండూ కనిపిస్తాయి, గార్నెట్‌కి ఒకటే రంగు.