చేవెళ్ల దగ్గర కాళ్లు ఎందుకు మొరాయిస్తున్నాయి?

ప్రశ్న: ఆదివారాల్లో తెల్లవారుజామున 5 గంటలకు కూకట్‌పల్లి నుంచి సైకిల్‌పై అనంతగిరి కొండలకు వెళ్లి వస్తుంటాను, రానుపోను దాదాపు 150 కిలోమీటర్లు. బయలుదేరే ముందు టీ, రెండు బిస్కెట్లు, దారిలో మంచినీళ్లు, వికారాబాద్‌లో ఒక ప్లేటు పూరీ. తిరుగు దారిలో చేవెళ్లకు వచ్చేసరికి సత్తువంతా పోయి కళ్లు తిరిగినట్లవుతోంది. 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం (గడువులోగా ముగించాల్సిన సుదూర సైకిల్ యాత్ర) పూర్తి చేయాలని ఉంది. ఏం తినమంటారు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు నీరసపడేది చేవెళ్లలోనే అయినా, లోటు మొదలయ్యేది ఇంటి గడపలోనే. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్‌గా నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములే. కాస్త గట్టిగా తొక్కితే అది రెండు మూడు గంటలకు మించి రాదు. పైగా కాలేయంలోని వాటా రాత్రి నిద్రలోనే చాలావరకు తరిగిపోతుంది. రెండు బిస్కెట్లు దాన్ని పూడ్చలేవు.

బయలుదేరడానికి గంట ముందు మూడు నాలుగు ఇడ్లీలు తినండి. తరువాత ఆకలి కోసం ఎదురుచూడకుండా, మొదటి అరగంట నుంచే కొద్దికొద్దిగా తింటూ, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా చూసుకోవాలి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఖరీదైన జెల్ పొట్లాలు లేకపోయినా నష్టం లేదు. పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. పేగు నుంచి రక్తంలోకి చేరడానికి వీటి దారులు వేరు కనుక, ఒక్క గ్లూకోజు గంటకు 60 గ్రాముల దగ్గర ఆగిపోతే, రెండూ కలిసినప్పుడు 90 దాకా వెళ్లవచ్చు. అంత మోతాదుకు కడుపును కొన్ని వారాలు అలవాటు చేయాలి. లీటరు నీటిలో 60 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ రసం కలిపితే మీ సీసా సిద్ధం.

పల్లీపట్టీ రుచికి మంచిదే గానీ, ఎండెక్కాక బెల్లం మెత్తబడి కాగితానికి అంటుకుపోతుంది; హ్యాండిల్ వదలకుండా ఒంటిచేత్తో దాన్ని విప్పడం మాటలు కాదు. గింజ తీసిన ఖర్జూరాలు నయం. పూరీ మాత్రం మానండి. నూనె కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది.

చెమటతో ఉప్పు పోతుంటే గంటల తరబడి ఉత్త నీళ్లే తాగడం వల్ల రక్తంలో సోడియం పలచబడుతుంది. వెళ్లేముందు, వచ్చాక బరువు చూసుకోండి: కిలో తగ్గితే సుమారు లీటరు లోటు, పెరిగితే అవసరానికి మించి తాగినట్లు. మధుమేహం ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా ఈ లెక్కలు పాటించకూడదు.

200 కిలోమీటర్ల బీఆర్‌ఎంకు గడువు 13 గంటల 30 నిమిషాలు కనుక, ఆగి తినడానికి మీకు తీరిక ఉంటుంది. ఆ రోజు మాత్రం, అనంతగిరి దారిలో రెండు మూడుసార్లు తిని చూడనిదేదీ జేబులో వేసుకోకండి.