మహతి పాడుతుంటే వలజి ఎందుకు వస్తోంది? లవంగిలో షడ్జం ఎందుకు జారిపోతోంది?

కర్ణాటక సంగీతంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి మహతి రాగం నాలుగు స్వరాలే కదా అని మొదలుపెడితే కాసేపటికి వలజి అనే మరో రాగం అయిపోతోందనీ, ఆయనదే అయిన లవంగి రాగంలో ఆధార షడ్జమే (స) తప్పిపోతోందనీ అడిగారు. నేర్పేవాళ్లకి ఈ రెండు చిక్కులూ తరచూ ఎదురవుతాయి. వీటికి కారణాలు వేర్వేరు.

మహతిలో ఉన్నవి స గ ప ని (షడ్జం, గాంధారం, పంచమం, నిషాదం). గాంధారంలో అంతరం అనే రకం, నిషాదంలో కైశికి అనే రకం. దీనికి చతుశ్రుతి దైవతం (ద) ఒక్కటి కలిస్తే వలజి. హరికాంభోజి, ఖమాస్ రాగాలు పాడి పాడి మన గొంతుకు ఒక అలవాటు ఉంటుంది: కైశికి నిషాదాన్ని దైవతం మీంచి ఊపి తీసుకోవడం. నోటితో "ని" అంటూనే ఉంటాం గానీ గొంతు కింద దైవతాన్ని తాకి వస్తుంది. వినేవాళ్లకి ఆ తాకిడి చాలు.

దిద్దుకోవడం ఇలా. శ్రుతి పెట్టుకుని పంచమం మీద నిలబడండి. దాన్నే షడ్జం అనుకుని దాని పైన సాధారణ గాంధారం (ఇది గాంధారంలో ఇంకో రకం పేరు) కంపం లేకుండా పట్టండి. మీకు కావలసిన నిషాదం అదే. ఒక్కో ఊపిరికి ఎనిమిది అక్షరాల (తాళం లెక్కల) సేపు నిలిపి, ఆ తర్వాతే పై షడ్జానికి వెళ్లండి. గమకం (స్వరాన్ని ఊపడం) కావాలంటే షడ్జం వైపు నుంచి ఇవ్వండి, కింది వైపు నుంచి వద్దు. గాంధారానికీ ఇంతే, మధ్యమాన్ని (మ) తాకించి ఊపితే ఖమాస్ నీడ పడుతుంది. బాగా శ్రుతైన తంబూరాలో మంద్ర (కింది స్థాయి) షడ్జం తీగ మీటితే అంతర గాంధారం దానంతట అదే సన్నగా వినిపిస్తుంది. గొంతును దానికి కలపండి.

జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) విషయంలో భయపడక్కర్లేదు. గాంధారం నుంచి పంచమానికి జారితే మధ్యమం దారిలో తగులుతుంది, తప్పదు. గొంతు ఎక్కడ ఆగిందో చెవి దాన్నే స్వరంగా లెక్కపెడుతుంది. అందుకే జారు చురుగ్గా ఉండాలి, నడుమ ఆగకూడదు.

సాధనకు జంటలు (సస గగ పప నిని), దాటులు (సప గని పస) మూడు కాలాల్లో (వేగాల్లో) చేసి, మళ్లీ అవే అకారంలో, అంటే స్వరం పేరు లేకుండా "ఆ" అంటూ పాడండి. అసలు పరీక్ష అకారమే. స్వరం పేరు పలికినంతసేపూ ఆ పేరే గొంతును పట్టి ఉంచుతుంది. పేరు తీసేయగానే దైవతం బయటపడుతుంది.

ఇక లవంగి: స రి మ ద. రిషభం, మధ్యమం, దైవతం మూడూ శుద్ధ రకమే. ఇందులో పంచమం లేదు, కానీ మీ శ్రుతిపెట్టెలో పంచమం మోగుతూనే ఉంది! శుద్ధ దైవతం దానికి అరమెట్టు పైనే కాబట్టి గొంతు కిందికి లాగేస్తుంది. పంచమం తాకిందంటే అది కర్ణాటక శుద్ధ సావేరి రాగం. సాధన చేసినన్నాళ్లూ శ్రుతిపెట్టెలో పంచమం తీసి మధ్యమం పెట్టుకోండి.

షడ్జం జారిపోవడానికి అసలు కారణం రిషభం. రి మ ద స అని పాడి రి మీద ఎక్కువసేపు ఆగండి. ఆ రి షడ్జం అయిపోయి, మిగతావి అంతర గాంధారం, పంచమం, కాకలి నిషాదంలా వినిపిస్తాయి. అంటే గ్రహభేదం (వేరే స్వరం షడ్జమైపోయి రాగం మారడం) మీకు తెలియకుండానే జరిగిపోతోంది. అందుకని మొదట్లో ఏ సంచారాన్నీ (స్వరాల వరసనీ) రిషభం మీద ముగించకండి. షడ్జం మీదో మధ్యమం మీదో దిగండి. దారి తప్పితే మ–స, మ–స అని రెండుమూడు సార్లు అనుకుంటే ఆధారం దొరుకుతుంది.

కృతులు మహతిలో "మహనీయ మధుర మూర్తే", లవంగిలో "ఓంకారాకారిణి". రెండూ బాలమురళీకృష్ణ గారి రచనలే. ఐదు స్వరాలైనా లేనిది రాగమెలా అవుతుందని 1980ల్లో వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ గట్టిగా వాదించారు. ఆ వాదం ఎటు తేలినా, తక్కువ స్వరాలు చేతకానితనం మాత్రం కాదు. చిన్న వయసులోనే 72 మేళకర్త (జనక) రాగాల్లోనూ కృతులు చేసిన మనిషి బాలమురళీకృష్ణ గారు, 1952లో అవి "జనక రాగ కృతి మంజరి"గా అచ్చయ్యాయి కూడా. నా మటుకు మహతి ఆలాపనకు (సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించడానికి) నిలబడుతుంది. లవంగిని కృతితో ఆపితేనే అందం.

మహతిలో స్వరకల్పనకు (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడడానికి) దిగితే నాలుగు స్వరాలూ ఒకేసారి ఖర్చు చేయకండి. రెండు ఆవర్తాలు (తాళం చుట్లు) స, ప, ని లతోనే నడిపి, గాంధారాన్ని దాచి ఉంచి, తర్వాత దాని మీద ఆగండి. పైకే పోకుండా మంద్ర నిషాద, పంచమాలకు కూడా దిగండి, అక్కడ సగం రాగం ఉంది. లెక్కలు, కోర్వైలు (లెక్కతో కట్టిన ముగింపులు) చివర్లో ఒక్కటి చాలు. ముందునుంచీ లెక్కలే వేస్తే జంటవరసలు అప్పజెప్పినట్టుంటుంది.